పెద్దమ్మ పెట్టిన పరీక్ష

ఎన్నికల ముందురోజు సాయంత్రం మా పెద్దమ్మ ఇంట్లో పరీక్ష జరిగేది. ముందుగదిలో కుర్చీలన్నీ గోడవారకు జరిపించి, తను మాత్రం కిటికీ పక్కన చెక్కకుర్చీలో కూర్చునేది. ఇంట్లో ఓటున్న వాళ్ళందరూ ఒక్కొక్కరే వచ్చి ఆమె ఎదుట నిలబడాలి. ప్రశ్నలు ఎప్పుడూ అవే. ఎవరెవరు నిలబడ్డారు? ఎవరేం చేస్తామన్నారు? నువ్వు వేసేవాడు గెలిస్తే ఎవరికి నష్టం?

మొదటి రెండూ అందరూ ఎలాగోలా గట్టెక్కేవాళ్ళు. మూడోదాని దగ్గరే నోళ్ళు మూతపడేవి. ఎవరికి లాభమో చెప్పడం సులువు, గోడల మీద రాసి ఉండేది అదే. నష్టం ఎవరికో ఎవరూ రాయరు, మైకులో అరవరు. "అది కనుక్కోవడానికే కదా తలకాయ ఉన్నది" అనేది పెద్దమ్మ. కనుక్కోలేనివాళ్ళు మర్నాడు ఇంట్లో ఉండిపోవాలి. ఇలాంటి చట్టం ఎక్కడా లేదని అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. "చట్టం ఊరికి. ఇది నా గుమ్మానికి" అనేది.

వీధిలో ఆమెను పరీక్షలక్క అని పిలిచేవారు. ముందు వెక్కిరింతగానే పెట్టారు ఆ పేరు. తర్వాత తర్వాత అదే ఆమె పేరైపోయింది.

చదువు కోసం వచ్చి ఆ ఇంటి మేడగదిలో ఉన్న రోజుల్లో నేను ఆమెను దగ్గరగా చూశాను. అప్పటికే ఆమె ఉద్యోగం మానేసింది. అంతకుముందు సగం జీవితం సీసాల ఫ్యాక్టరీలో గడిచింది. మందులు పోసే సీసాలు. కొలిమిలోంచి వచ్చి చల్లారిన సీసాలు పట్టీ మీద వరసగా కదులుతూ వస్తాయి. పట్టీ వెనక తెల్లగా వెలిగే పెద్ద పలక. దాని ముందు కూర్చుని, వెలుతురులోంచి దాటిపోయే ఒక్కో సీసానూ చూడాలి. బీట ఉందా, లోపల బుడగ ఉందా, మచ్చ ఉందా, మెడ వంకరగా ఉందా. ఉంటే ఎడమచేత్తో తీసి ఎడమవైపున్న చెక్కపెట్టెలో పెట్టాలి. దాన్నే అక్కడివాళ్ళు 'పక్కన పెట్టడం' అంటారు.

ఆ పనిలో ఒక చిక్కుంది. మంచి సీసాలనే వరసగా చూస్తూ పోతే కాసేపటికి కంటికి అన్నీ మంచివిగానే కనిపిస్తాయి. చూస్తూనే ఉంటారు, కానీ చూడరు. అందుకని సూపర్‌వైజరు చెప్పాపెట్టకుండా వరసలో ఒక బీట సీసాను కలిపేసేవాడు. గుర్తు కోసం అడుగున రంగు చుక్క పెట్టేవాడు. దాన్ని పట్టుకుంటే కళ్ళు పనిచేస్తున్నట్టు. వదిలేస్తే లేచి ఇంకొకరికి చోటివ్వాలి. పెద్దమ్మ ఎప్పుడూ వదల్లేదని అనను. వదిలిన రోజు ఇంటికొచ్చి తనే చెప్పేదట, కంచం ముందు కూర్చుని, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.

ఈ ఓటు పట్టుదల మాత్రం ఫ్యాక్టరీలో పుట్టింది కాదు. అంతకంటే పాతది. ఆమెకు కొత్తగా ఓటు వచ్చినప్పుడు వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, "గొడుగు గుర్తు మీద వెయ్యి" అన్నాడు. వేసింది. అప్పట్లో పగలు ఇళ్ళలో పనిచేసి సాయంత్రం ఒక బడికి వెళ్ళేది. పనిచేసుకునే ఆడపిల్లల కోసం ఎవరో నడిపే బడి. కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే వస్తోంది. గెలిచిన గొడుగాయన నెలలు తిరక్కుండా ఆ బడి ఉన్న భవనాన్ని గోడౌనుకు ఇచ్చేశాడు. పిల్లలంతా ఏడుస్తూ వెళ్ళి అడిగితే ఆయన ఆశ్చర్యపోయాడట. "అదేంటమ్మా, ప్రతి మీటింగులోనూ చెప్పానుగా, ఆ భవనం ఖాళీ చేయించి సరుకు పెట్టిస్తానని. మీవాళ్ళంతా చప్పట్లు కొట్టారే!"

"మోసం చేశాడంటే తిట్టుకుని ఊరుకునేదాన్నమ్మా" అని నాతో చాలాసార్లు అంది. "చెప్పే చేశాడు. నేనే వినలేదు. నా బడిని నా చేత్తోనే మూసేశాను."

ఆ తర్వాత ఆమె చదువు అక్కడే ఆగిపోయింది. పేపరు చదివేది గానీ, అక్షరం మీద వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, పొద్దున మొదలుపెడితే ఒక పేజీ మధ్యాహ్నానికి అయ్యేది. ఎన్నికలు వస్తే అన్ని పార్టీల మీటింగులకూ వెళ్ళేది. ఏ జెండా కిందైనా ముందు వరసలో ఆమె ఉండేసరికి, ఒకసారి ఇద్దరు ప్రత్యర్థులూ ఆమె తమ మనిషే అని పందెం కాసుకున్నారట.

పెదనాన్న రిటైరయ్యేదాకా సిటీ బస్సు డ్రైవరు. ఆయన లోకం వేరు. ఏ మలుపులో ఏ గుంట ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు గానీ, ఆ గుంట ఎవరి పదవీకాలంలో పడిందో ఆయనకు అక్కర్లేదు. పేపరు వస్తే వెనకపేజీ తిప్పి ఆటల వార్తలు చూసి మడిచేసేవాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఇద్దరూ కలిసి ఓటెయ్యడానికి వెళ్ళారు. అప్పటికింకా ఇంట్లో పరీక్షలు మొదలు కాలేదు. వరసలో నిలబడి ఉండగా పెద్దమ్మ ఊరికే అడిగింది.

"ఎవరికేస్తున్నారు?"

"ఆ మూడో ఆయనకి."

"ఎందుకు?"

పెదనాన్న కాస్త ఆలోచించి, "నవ్వు బాగుంటుంది" అన్నాడు.

వరస వరసంతా పకపకా నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఇంటికెళ్ళిపోండి" అంది. అంతమందిలో అలా అనేసరికి ఆయన ఏదైనా అంటాడని అందరూ చూశారు. ఆయన చెప్పులు సర్దుకుని, నిజంగానే వరస తప్పుకుని ఇంటికొచ్చేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి అన్నం, బంగాళాదుంపల కూర వండి పెట్టాడు.

ఆ తర్వాత ఆయన ఎప్పుడూ ఓటెయ్యలేదు. ప్రతిసారీ పరీక్షకు వచ్చి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. "ఎవరెవరు నిలబడ్డారు?" అంటే, "ఇప్పుడు నేనొక్కడినే నిలబడ్డాను" అనేవాడు. "ఫెయిల్, పొండి" అనేది పెద్దమ్మ. పోలింగ్ రోజు అందరూ వెళ్తే ఆయన వంట చేసేవాడు. కావాలనే తప్పుతున్నాడని ఇల్లంతా అనుకునేది, నేనూ అలాగే అనుకున్నాను. ఒక్క పెద్దమ్మకే అది సరదా కాదని తెలుసేమో. ఓసారి కూర బాగుందని అందరూ మెచ్చుకుంటుంటే, "ఆరోజు వరసలో అలా అనకుండా ఉండాల్సింది" అంది, ఎవరితోనూ కాకుండా. పెదనాన్న వినిపించుకోనట్టు ఇంకో గరిటె వడ్డించాడు.

మరపు చాలా మెల్లగా వచ్చింది. కళ్ళజోడు పంచదార డబ్బాలో దొరకడం, తన కోడల్ని, అంటే మా వదినను, ఒకే మాట రెండుసార్లు అడగడం లాంటివి చూసి వయసు అనుకున్నాం. ఒకరోజు వీధి చివర, రోజూ కూరగాయలు కొనే చోటే, సంచి పట్టుకుని నిలబడిపోయింది. పక్కింటి కుట్టు పిన్ని చూసి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కుట్టు పిన్ని అంటే ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడ. పెద్దమ్మకు స్నేహితురాలు, శత్రువు కూడా. ఓసారి తనూ సరదాగా పరీక్షకు వచ్చి నిలబడితే పెద్దమ్మ తప్పించిందని కోపం తెచ్చుకుని ఆ చలికాలమంతా మాట్లాడలేదు. ఆరోజు మాత్రం గుమ్మంలో పెద్దమ్మను కూర్చోబెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

మా పేటలో సాయంత్రాలు తెరిచే చిన్న ఆసుపత్రి ఒకటుంది. వారానికోసారి తలకు సంబంధించిన డాక్టరమ్మ వస్తుంది. ఆమె చూసి, "ఇది రావడమే గానీ పోవడం ఉండదు. మెల్లగా నడిపించగలం, అంతే" అంది. పెద్దమ్మ ఎదుటే అంది. అది పెద్దమ్మకు నచ్చింది. దారిలో పెదనాన్నను అడిగింది.

"వార్డు ఎన్నికలెప్పుడు?"

"ఇంకా చాలా టైముందిలే."

"అప్పటిదాకా ఉంటానా?"

"ఉండక ఎక్కడికి పోతావోయ్?"

"నేను కాదండీ. ఇది" అని తన నుదుటి మీద వేలు పెట్టి చూపించింది.

మర్నాడు పొద్దున్నే పేపరు తీసుకొచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. అక్షరాలు ఇప్పుడు తనకు లొంగడం లేదనీ, చదివి వినిపించమనీ అంది. ఆయన అలవాటుగా వెనకపేజీ తిప్పబోతే ముందుకు తిప్పింది. "మధ్యలో ఒక బీట సీసా కలపండి" అంది.

ఆయనకు అర్థం కాలేదు. పక్కనే ఉన్న నాకూ కాలేదు.

"వార్తల మధ్య ఒక అబద్ధం కలపండి, చెప్పకుండా. నేను పట్టుకుంటే బుర్ర పనిచేస్తున్నట్టు. పట్టుకోలేని రోజు నాకు చెప్పాలి. దాచకూడదు."

అలా మొదలైంది. పెదనాన్న గొంతు సవరించుకుని చదివేవాడు. "ఈ వేసవి నుంచి సిటీ బస్సులకు రెక్కలు కట్టబోతున్నారు."

"పక్కన పెట్టండి" అనేది పెద్దమ్మ, ఎడమచెయ్యి ఊపి.

"అంత తేలిగ్గా ఇస్తే ఆట ఏముంది మామయ్యా?" అని వంటింట్లోంచి వదిన నవ్వేది. దాంతో ఆయన పట్టుదలగా సన్నటి బీటలు వెతకడం మొదలుపెట్టాడు. పాత వంతెన బాగు చేయించింది నిచ్చెన పార్టీవాళ్ళయితే గొడుగు పార్టీవాళ్ళని చదివేవాడు. ఆమె కళ్ళు మూసుకుని వింటూ ఉండి, సరిగ్గా అక్కడే చెయ్యి ఎత్తేది. ఆయన ముఖం వెలిగిపోయేది. సన్నటి అబద్ధం తయారుచెయ్యాలంటే నిజం ఇంకా బాగా తెలియాలి కాబట్టి పేపరంతా ముందే చదివి, సాయంత్రం మీటింగులుంటే వెళ్ళి విని, పాత వార్తల గురించి నన్నూ, తన కొడుకు అయిన మా అన్నయ్యనూ అడిగి తెలుసుకునేవాడు. బస్సు తోలినన్నాళ్ళూ ఎక్కించుకు తిరిగిన ఊరిని ఇప్పుడు కొత్తగా తెలుసుకుంటున్నట్టు ఉండేది ఆయన వరస.

ఈసారి మా వార్డులో ముగ్గురు నిలబడ్డారు. లారీల ఓనరుది నిచ్చెన గుర్తు. పెద్ద రోడ్డు వేయిస్తానన్నాడు, ఆ రోడ్డుకు సాయంత్రం ఆసుపత్రి అడ్డం. మందుల షాపాయనది గొడుగు. ఆసుపత్రిని ఊరి అవతలకు, ఇంకా పెద్ద భవనంలోకి మారుస్తానన్నాడు. ఆ భవనం పక్కనే ఆయన రెండో షాపు ఉంది. రిటైరైన టీచరమ్మది గంట గుర్తు. ఆసుపత్రిని కదలనివ్వనంది, కానీ అందుకు అందరి నీటిపన్నూ పెంచుతానని ధైర్యంగా చెప్పింది. పెద్దమ్మకు ఆవిడ నచ్చింది. "నష్టం కూడా చెప్పింది చూశారా" అంది.

ఆ మాట అన్న రోజులు మంచి రోజులు. తర్వాత చెయ్యి లేవడం ఆలస్యమవుతూ వచ్చింది. అబద్ధం దాటిపోయాక, రెండు వార్తలయ్యాక, "ఇందాకటిది..." అని ఆగేది. ఆయన మళ్ళీ లావుపాటి బీటలకు వచ్చాడు. లారీల ఓనరు ఆసుపత్రిలో నర్సుగా చేరాడని చదివినా ఆమె తల ఊపుతూ వింది. ఆయన పేపరు దించి నావైపు చూశాడు. ఆయన మళ్ళీ పేపరు ఎత్తి, "అదేంటోయ్, నర్సా?" అని తనే అన్నాడు. ఆమె ఉలిక్కిపడి, "అవును, పక్కన పెట్టండి, పక్కన పెట్టండి" అంది.

ఆ తర్వాత ఆయన అబద్ధాలు కలపడం మానేశాడు. రోజూ చివర్లో, "ఇవాళ కూడా పట్టేశావు" అనేవాడు. ఆమె ఏం పట్టుకుందో అడిగేది కాదు.

ఎన్నికలు దగ్గరపడ్డాక ఒకరోజు భోజనాల దగ్గర అన్నయ్య కదిపాడు. పెద్దమ్మ అప్పటికే తిని లోపల పడుకుంది.

"అమ్మను నేను తీసుకెళ్తా నాన్నా. పక్కన మనిషి ఉండొచ్చంటున్నారు. గంట మీద వేలు పెట్టిస్తే చాలు."

"ఎవరి వేలు?" అన్నాడు పెదనాన్న.

"అమ్మదే. అమ్మకు ఆ టీచరమ్మ అంటే ఇష్టమేగా, తనే చెప్పింది."

"అప్పుడు చెప్పింది. ఇప్పుడు అడుగు, టీచరమ్మ ఎవరంటుంది."

అప్పుడే జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన కుట్టు పిన్ని గుమ్మంలోనే ఆగిపోయింది. "ఊళ్ళో అందరూ అన్నీ తెలిసే వేస్తున్నారా బావగారూ? మా ఇంట్లో ఆయన జెండా రంగు చూసి వేస్తాడు. ఆయన ఓటు చెల్లుతుంది, అక్కది చెల్లదా? అన్నీ తెలిసినవాళ్ళే వెయ్యాలంటే, ఏమీ తెలియని స్థితికొచ్చినవాళ్ళ గోడు ఎవరికి పడుతుంది? ఆ ఆసుపత్రి ఎవరికోసం? అక్క కోసం కాదూ?"

"అదే నేనంటున్నది" అన్నాడు అన్నయ్య.

"నువ్వు అంటున్నది అది కాదు నాయనా. నువ్వు మీ అమ్మ వేలితో నీ ఓటు రెండోసారి వేస్తానంటున్నావు. నేను చెప్పేది దాని గురించి కాదు" అంది పిన్ని.

అన్నయ్య ముఖం ఎర్రబడింది. వదిన చల్లగా, "అత్తయ్యనే అడుగుదాం" అంది.

పెదనాన్న చాలాసేపు కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. "నువ్వు చెప్పింది కరెక్టే అయ్యుండొచ్చమ్మా" అన్నాడు పిన్నితో. "ఆమెకు ఓటుంది. ఎవరూ కాదనలేరు. కానీ ఆమె జీవితమంతా ఒక మాట మీద నిలబడింది. ఆ మాట కోసం నన్ను కూడా వరసలోంచి పంపేసింది. ఇప్పుడు ఆమెకు తెలియదు కదా అని నేను ఆ మాట మార్చేస్తే, మరి ఆమెకు ఇంకేం మిగిలినట్టు? పరీక్ష పెడదాం. పాసైతే నేనే తీసుకెళ్తా."

ముందురోజు సాయంత్రం కుర్చీలు గోడవారకు జరిపాం. వదిన లైటు వేసింది. పెద్దమ్మ అలవాటుగా వెళ్ళి కిటికీ పక్క చెక్కకుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోగానే ఆమె వీపు నిటారుగా అయింది. పెదనాన్న ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

"ఇవాళ నేను అడుగుతానోయ్. నువ్వు చెప్పాలి."

"అడగండి" అంది, చిన్నపిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"ఎవరెవరు నిలబడ్డారు?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. పెదాలు కదిలాయి, పేపరు మీద వేలు పెట్టి చదివేటప్పటిలా. "గొడుగు" అంది చివరికి. "గొడుగాయన. ఆయనకు వెయ్యకూడదు. బడి తీసేస్తాడు."

అన్నయ్య కిటికీ బయటికి చూడసాగాడు.

"ఇంకా?"

"ఇంకా..." ఆమె మా ముఖాలన్నీ వరసగా చూసింది, ఎవరి ముఖం మీదైనా రాసి ఉందేమోనన్నట్టు. నేను తల దించుకున్నాను.

పెదనాన్న గొంతు పెంచి, "అంతే, బాగా చెప్పావు! ఇంకెవరున్నారులే, అంతే. పాస్!" అన్నాడు. నవ్వాడు కూడా. "రేపు పొద్దున్నే స్నానం చేసి తయారుగా ఉండు. ఇద్దరం వెళ్దాం."

పెద్దమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఎలా చూసిందంటే, వెనకాల తెల్లటి వెలుతురు ఉన్నట్టు, ఆ వెలుతురులోంచి ఆయన మెల్లగా దాటిపోతున్నట్టు.

"పేపర్లో బీట సీసాలు కలపడం మానేశారు కదూ" అంది.

"లేదే. రోజూ కలుపుతూనే ఉన్నా. నువ్వు పట్టేస్తున్నావుగా."

"ఇదిగో" అంది. "ఇప్పుడు కలిపారు."

ఆయన నవ్వు ముఖం మీద కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది.

"పట్టుకోలేని రోజు చెప్పమన్నాను" అంది. గొంతులో కోపం లేదు. "మీరు దాచారు. ఎన్నాళ్ళైంది?"

ఆమె లేచింది. ఆ కుర్చీలోంచి తనే లేచి, దాన్ని ఆయన వైపు తిప్పింది. ఫ్యాక్టరీలో బీట సీసాను వదిలేసిన మనిషి లేచి ఇంకొకరికి చోటిచ్చినట్టే.

"మీరు కూర్చోండి. రోజూ చదివారుగా. మీరు చెప్పండి. ఎవరెవరు నిలబడ్డారు?"

ఆయన కూర్చోలేదు. ఎప్పటిలా ఆమె ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈసారి హాస్యమాడలేదు. ముగ్గురి పేర్లూ చెప్పాడు. ఎవరేం చేస్తామన్నారో చెప్పాడు. నష్టం ఎవరికన్న దగ్గర, లారీల ఓనరు గెలిస్తే సాయంత్రం మందు కావలసినవాళ్ళకు, షాపాయన గెలిస్తే అంత దూరం నడవలేనివాళ్ళకు, టీచరమ్మ గెలిస్తే నీటిపన్ను కట్టలేని కుట్టు పిన్నిలాంటి వాళ్ళకు అని, ఒక్కొక్కటే, తడబడకుండా చెప్పాడు. ఇంత తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

అందులో ఏది నిజమో ఏది కాదో పెద్దమ్మకు తెలియదు. ఆ సంగతి ఆమెకూ తెలుసనుకుంటాను. ఆమె ఆయన మాటలు వినలేదు. ముఖమే చూసింది, చివరిదాకా.

"పాస్" అంది. "వెళ్ళిరండి."

పొద్దున కుట్టు పిన్ని మంచి బట్టలు కట్టుకుని వచ్చింది, పెద్దమ్మను తీసుకెళ్దామని. "రా అక్కా. నన్ను ఓసారి తప్పించావు, నేను నిన్ను పాస్ చేస్తున్నా, పద" అంది. పెద్దమ్మ ఆమె భుజం తట్టి, "నేను చదువుకోలేదమ్మా ఈసారి. నువ్వు వెళ్ళు" అంది. పిన్ని ఇంకేదో అనబోయి, పెదనాన్నను చూసి ఊరుకుంది. పిన్నీ పెదనాన్నా కలిసి వెళ్ళారు. ఇన్నేళ్ళకు ఆయన పోలింగ్ రోజు బయటికి వెళ్తుంటే, వీధిలో ఎవరో "డ్రైవరుగారూ, దారి తప్పారా?" అని అరిచారు. ఆయన వెనక్కి తిరగలేదు.

ఆరోజు వంట నేనూ వదినా చేశాం. బంగాళాదుంపల కూరే. పెద్దమ్మ కిటికీ పక్కనే కూర్చుని ఉంది. మధ్యలో రెండు మూడుసార్లు, "ఈయన బస్సు ఇంకా రాలేదా?" అని అడిగింది.

ఆయన వచ్చేసరికి ఎండ గదిలోకి వచ్చింది. చెప్పులు విడిచి, వచ్చి ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వేలి మీద సిరా గుర్తు ఉంది, గోరు మీదుగా, కొత్తగా మెరుస్తూ. ఆమె చూపు దాని మీద పడింది.

"ఇదేంటి?"

"ఓటేశానోయ్."

ఆ మాట ఆమెకు ఎక్కడో వినపడ్డట్టు ముఖం కాస్త చిట్లించింది. తర్వాత హఠాత్తుగా, "నవ్వు బాగుందనా?" అంది.

పెదనాన్న లేదన్నట్టు తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

ఆమె అప్పటికే ఆ మాట మరిచిపోయింది. ఆయన చెయ్యి అందుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. వేలిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. బొటనవేలితో ఆ సిరాను రుద్ది చూసింది. పోలేదు. ఆమె ముఖంలో ఎంతో కాలంగా మేం చూడని ఒక నిశ్చింత వచ్చింది, చేతికి తెలిసిన పని దొరికినట్టు.

"మచ్చ ఉందండీ" అంది, పెద్ద గదిలో అవతలి చివర ఉన్న ఎవరికో వినిపించాలన్నట్టు. "పక్కన పెడుతున్నా."

ఆయన చేతిని మెల్లగా దించి, తన ఎడమవైపు కుర్చీ చెక్క మీద పెట్టింది. పట్టీ మీద తర్వాతి సీసా వస్తుందన్నట్టు మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. వదిన అన్నానికి పిలిచినా పెదనాన్న లేవలేదు. ఆమె పెట్టిన చోటనే ఆ చెయ్యి కదలకుండా ఉంచి, అలాగే కూర్చున్నాడు.